ఈథరు నామకరణ చరిత్ర

పూర్వము వైద్యశాలలలో శస్త్రచికిత్స జరుగు గది సమీపమునకు పోయినవారికి ఒక విధమైన తీపిఘాటు వాసన తగులుచుండెడిది. ఆ వాసన ఈథరుది. రోగిని నిద్రపుచ్చుటకు ఇరువదవ శతాబ్ది నడుమ వరకు దానిని విరివిగా వాడుచుండిరి. తరువాత వేరు మందులు వచ్చి దాని స్థానమును ఆక్రమించినవి. కాని రసాయనశాలలలో అది నేటికిని నిత్యము చేతికందవలసిన ద్రవమే. 34.6 సెంటిగ్రేడు డిగ్రీలకే అది మరగును. కనుక మన వేసవి మధ్యాహ్నమున దానిని మూతలేని గిన్నెలో పోసి యుంచినచో కొంతసేపటికి గిన్నె మాత్రమే మిగులును.

ద్రవమట్లు ఎగిరిపోవునేగాని దానికి జనులు పెట్టిన పేర్లు ఎగిరిపోలేదు. తీపి విట్రియలు తైలము, సల్ఫ్యూరిక్ ఈథరు, ఇథైలు ఆక్సైడు, డైఇథైలు ఈథరు, ఈథాక్సీఈథేను, ఆక్సీబిస్‌ఈథేను - ఇవి యన్నియు ఒక్క ద్రవమునకే పేర్లు. ఇన్ని పేర్లేలయని రసాయన శాస్త్రము చదువు విద్యార్థి విసుగుకొనుట సహజము. వీనిలో ప్రతి పేరును ఆయా కాలమున ఆ ద్రవమును గూర్చి మనుష్యులు ఎరిగినదేమో, ఎరిగితిమనుకొని పొరబడినదేమో తెలుపుచున్నది. ఆ వరుసనే నేడు ముచ్చటింపదలచితిని.

1540వ సంవత్సర ప్రాంతమున జర్మను దేశీయుడైన వలేరియస్ కార్డస్ అను యువవైద్యుడు మద్యసారమును, విట్రియలు తైలమును కలిపి స్వేదనము చేసి, మిక్కిలి తేలికయగు ఒక ద్రవమును రాబట్టు విధమును వర్ణించెను. విట్రియలు తైలమనగా నేటి గంధకామ్లము. కార్డస్ 1544లో ఇరువదితొమ్మిదేండ్ల వయస్సుననే మరణించెను. ఆతని వ్రాతలను గెస్నర్ అను పండితుడు 1561లో అచ్చువేయించెను. ఆ ద్రవమునకు అందున్న పేరు 'తీపి విట్రియలు తైలము'. ఏ సరుకునుండి వచ్చినదో, నాలుకకెట్లుండునో ఆ పేరు చెప్పును. వంటకములకు మనము పెట్టుకొను పేర్లును ఇట్టివే గదా! చింతపండు పులుసనిన చాలును. అందలి అణువుల కట్టడముతో తినువానికి పనిలేదు.

'ఈథరు' అను మాట దానికి అంటుకొనినది 1730లో. లండనులో పనిచేయుచు ఫ్రోబీనియస్ అను పేర వ్రాసిన జర్మను రసాయనజ్ఞుడు రాయల్ సొసైటీవారి పత్రికలో దీనిని 'ఈథరు గుణముగల మద్యసారము' అని లాటిను భాషలో పేర్కొనెను. గ్రీకుల ఈథరు మన పంచభూతములలోని ఆకాశము వంటిది. మేఘమండలమునకు పైన దేవతలు పీల్చు నిర్మల వాయువని వారి కావ్యములందు. నక్షత్రలోకమున కాధారమగు ఐదవ భూతమని అరిస్టాటిలు సిద్ధాంతమునందు. చేతిమీద చుక్క వేసినంతనే చల్లబడి, జాడలేక గాలిలో కలిసిపోవు ద్రవమునకు ఈ పేరు తగినదని ఫ్రోబీనియసుకు తోచియుండును. కాంతి పయనించుటకు విశ్వమంతట ఒక ఈథరు నిండియున్నదని భౌతికశాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిన సంగతి వేరు. ఆ ఈథరు 1887లో మైకెల్సన్, మోర్లీల ప్రయోగమునకు చిక్కలేదు. 1905లో ఐన్‌స్టయిన్ సిద్ధాంతముతో దానితో పనియే లేకపోయెను. సీసాలోని ఈథరు మాత్రము నిలిచినది.

అయితే ఈ క్రొత్త పేరు గుణమును జూచి పెట్టినదగుటచేత, అట్టి గుణముగల ప్రతి ద్రవమునకును ప్రాకసాగెను. మద్యసారముతో ఏ యామ్లమును కలిపి కాచినను తేలికగా ఎగిరిపోవు సువాసనద్రవ మేదో యొకటి వచ్చుచుండెను. అదియు ఈథరే, ఇదియు ఈథరే యనిరి. ఫ్రాన్సులో లోరగె ప్రభువు 1759లో వెనిగరులోని ఆమ్లమునుండి తీసిన ద్రవము ఎసిటిక్ ఈథరు అయ్యెను. ఉప్పు ఆమ్లమునుండి వచ్చినది మ్యూరియాటిక్ ఈథరు, నత్రికామ్లమునుండి వచ్చినది నైట్రిక్ ఈథరు. ఆ వరుసలో కార్డస్ కనుగొన్న ద్రవమునకు సల్ఫ్యూరిక్ ఈథరు, అనగా గంధకామ్లపు ఈథరు, అను పేరు స్థిరపడెను.

ఇచ్చట పేరు అబద్ధమాడెను. గంధకామ్లపు ఈథరులో గంధకము లేదు. 1800లో వాలెంటిన్ రోజ్ అను జర్మను ఔషధశాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి ఈ విషయమును నిరూపించెను. గంధకామ్లము మద్యసారమునుండి నీటి అంశమును లాగుచున్నదేగాని తాను ఈథరులో చేరుట లేదు. ఎసిటిక్ ఈథరులో మాత్రము వెనిగరు ఆమ్లపు అంశము నిజముగానే యున్నది. క్షారముతో కాచినచో ఆ యామ్లమును మరల రాబట్టవచ్చును. అనగా ఒకే ఇంటిపేరుతో బొత్తిగా సంబంధము లేని రెండు కుటుంబములు వ్యవహరింపబడుచుండెను. ఒకటి ఆమ్లమును లోన దాచుకొన్న కుటుంబము. రెండవది ఆమ్లము లేనిది. ఈ రెండింటిని విడదీయుటకు 1848లో లియోపోల్డ్ గ్మెలిన్ మొదటి కుటుంబమునకు 'ఎస్టరు' అను క్రొత్తపేరు పెట్టెను. జర్మను భాషలో వెనిగరును 'ఎస్సిగ్' అందురు. ఎస్సిగు తలను, ఈథరు తోకను కలిపి ఆ మాటను చేసెనని చెప్పుదురు. అరటిపండు, అనాసపండు వాసనలకు కారణమైన ద్రవ్యములు ఎస్టరులే. ఫ్రెంచివారు మాత్రము తమ పాతవాడుకను చాలకాలము వదలలేదు. ఎస్టరును 'లవణ ఈథరు' అనియు, అసలు ఈథరును 'ఆక్సైడు ఈథరు' అనియు చెప్పుకొనుచు వచ్చిరి.

ఈ నడుమనే వ్యాపారపు పేరొకటి పుట్టి చచ్చెను. 1842లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున క్రాఫర్డ్ లాంగ్ అను వైద్యుడు ఈథరు పీల్పించి ఒకని మెడమీది కంతిని కోసెను. కాని వెంటనే ప్రకటింపలేదు. 1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను వైద్యశాలలో విలియం మార్టన్ అను దంతవైద్యుడు బహిరంగముగా రోగికి ఈథరు నిచ్చెను. అది మామూలు ఈథరని తెలిసినచో లాభము పోవునని, ఆతడు దానికి రంగు, పరిమళము చేర్చి 'లెథియాన్' అని పిలిచెను. గ్రీకు పురాణములలో లీథీ విస్మృతిని కలిగించు నది. పేరు బాగుగనే కుదిరినది. కాని ఈథరు వాసన ఎరుగని వైద్యుడుండునా? ఆ మారుపేరు కొద్దికాలములోనే మరుగున పడెను.

శాస్త్రజ్ఞుల కలహము ఇంతకంటె గంభీరమైనది. మద్యసారమునకును ఈథరునకును గల చుట్టరికమేమి? 1815లో గేలుసాక్ లెక్కకట్టి, మద్యసారమును ఇథిలీను వాయువు, నీరు కలిసిన పదార్థముగా భావింపవచ్చుననియు, ఈథరులో ఆ వాయువుతో చేరిన నీటిపాలు సగమే యనియు చూపెను. దీనిని పట్టుకొని ప్యారిసులో ద్యూమా, బుల్లే యనువారు 1827, 1828 సంవత్సరములలో, ఈథరునకు మూలము ఆ వాయువే, అది అమోనియావలె నీటితోను ఆమ్లములతోను కలియునని వాదించిరి. జర్మనీలో లీబిగ్ దీని నొప్పుకొనలేదు. కర్బనము, ఉదజని చేరిన ఒక సముదాయము లోహమువలె వ్యవహరించుచు, ఆమ్లజనితో కలిసి ఈథరగుచున్నదని ఆతడు 1834లో సిద్ధాంతము చేసెను. ఆ సముదాయమునకు ఆతడు పెట్టిన పేరు 'ఇథైలు'. ఈథరు అను మాటకు, పదార్థమను నర్థముగల 'హ్యూలీ' అను గ్రీకుమాటను చేర్చి దానిని నిర్మించెను. అప్పటినుండి లీబిగ్ అనుయాయులకు ఈథరు 'ఇథైలు ఆక్సైడు' అయ్యెను. మద్యసారము ఆ ఆక్సైడునకు నీరు చేరిన రూపమయ్యెను. ఇట్లు ఒక్క సీసాకు ప్యారిసులో ఒక చీటి, గీసెనులో ఒక చీటి. ఏ పేరుతో పిలిచిన వానిని ఆ పక్షమువానిగా గుర్తించు స్థితి వచ్చినది. సీసామీది చీటి ఒక మతచిహ్నమగుట శాస్త్రమునకు క్షేమము కాదు.

ఈ తగవు తీర్చినవాడు అలెగ్జాండర్ విలియమ్సన్. ఈయన 1824లో లండనులో జన్మించెను. చిన్ననాడే ఒక చేతిపట్టు, ఒక కంటిచూపు పోయినవి. అయినను చేతిపనియే ప్రాణమైన రసాయన శాస్త్రమును ఎన్నుకొనెను. హైడల్‌బర్గులో గ్మెలిన్ వద్దను, గీసెనులో లీబిగ్ వద్దను చదివి, 1849లో లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యెను. జపాను దేశమువారు విదేశయానము నిషిద్ధమైన దినములలో, 1863లో, రహస్యముగా ఓడనెక్కి వచ్చిన ఐదుగురు యువకులను ఆదరించి చదివించినవాడు ఈయనయే. వారిలో నొకడు తరువాత జపానునకు ప్రథమ ప్రధానమంత్రి యయిన ఇతో హిరోబూమి.

విలియమ్సన్ ఈథరును చేయబూనలేదు. మద్యసారములో ఉదజనికి బదులు ఇథైలును చేర్చి మరింత పెద్ద మద్యసారమును చేయవలెనని ఆతని తలంపు. మద్యసారములో పొటాసియమును కరిగించి, వచ్చిన పదార్థముపై ఇథైలు అయొడైడును ప్రయోగించెను. ఎదురుచూచిన మద్యసారము రాలేదు. చిరపరిచితమగు ఈథరు వచ్చెను. సాధారణముగా ప్రయోగము చెడినదని దానిని పారబోసియుందురు. ఆతడు ఆలోచించెను. పొటాసియమున్న చోట ఇథైలు వచ్చి కూర్చుండినది. మద్యసారములో ముందే ఒక ఇథైలు కలదు. కనుక ఈథరులో రెండు ఇథైలు లుండవలెను, వానికి నడుమ ఒక్క ఆమ్లజని.

ఇందులో సందేహము మిగులకుండుటకు ఆతడు చేసిన రెండవ ప్రయోగము ఎంతయు చక్కనిది. ఇథైలు అయొడైడునకు బదులు మిథైలు అయొడైడును వాడెను. లీబిగ్ చెప్పినట్లు మద్యసారములో ఈథరు ముందే సిద్ధముగా నుండినచో, ఇథైలు ఈథరు కొంత, మిథైలు ఈథరు కొంత, రెండింటి మిశ్రమము రావలెను. వచ్చినది మిశ్రమము కాదు. ఒక ప్రక్క మిథైలు, ఒక ప్రక్క ఇథైలు గల ఒకే క్రొత్త ఈథరు వచ్చెను. 1850 ఆగస్టులో ఎడింబరో నగరమున బ్రిటిషు అసోసియేషను సభలో ఆతడీ ఫలితములను చదివెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సులో షాన్సెల్ అను నాతడును స్వతంత్రముగా ఇట్టి ఫలితమునకే వచ్చెను. విలియమ్సన్ దీనిని నీటితో పోల్చి చెప్పెను. నీటిలో ఆమ్లజనికి రెండు వైపుల రెండు ఉదజనులు. ఒక ఉదజని స్థానమున ఇథైలు వచ్చినచో మద్యసారము; రెండు స్థానములందును వచ్చినచో ఈథరు.

నామకరణ చరిత్రకు మలుపు ఇదియే. అంతవరకు ఈథరు పేరు దాని పుట్టుకను, రుచిని, తేలికదనమును చెప్పినది. ఇకమీదట ఆమ్లజనికి ఇటునటు ఎవరున్నారో చెప్పవలసి వచ్చెను. విలియమ్సన్ పద్ధతిచే క్రొత్త ఈథరులు ఎన్నియైనను చేయవచ్చును. 'ఇథైలు మిథైలు ఈథరు' అనగానే రెండు చేతులను ఎవరు పట్టుకొన్నారో తెలియుచున్నది. అప్పటినుండి ఈథరు ఒక ద్రవము పేరుగా గాక ఒక జాతి పేరుగా నిలబడెను.

ఇంతలో ఈథరునుండి పుట్టిన ఇథైలు కూడ సంతానవంతమయ్యెను. 1866లో హాఫ్మన్ అను జర్మను రసాయనజ్ఞుడు ఉదకర్బనములకు క్రమముగా పేర్లు పెట్టుచు, ఇథైలునుండి 'ఈథేను' అను పేరును చేసెను. అనగా ఈథరునకు ఇథైలు కూతురు, ఈథేను మనుమరాలు. ఈ వంశవృక్షమును గుర్తుంచుకొనవలసినదిగా కోరుచున్నాను, తరువాత పనిపడును.

పంతొమ్మిదవ శతాబ్ది తుదకు కర్బన సమ్మేళనముల సంఖ్య మితిమీరెను. ఒకే పదార్థము మూడు నిఘంటువులలో మూడు పేర్లతో నుండెడిది. 1889లో ప్యారిసులో కూడిన రసాయనజ్ఞుల మహాసభ ఒక సంఘము నేర్పరచగా, దాని కృషి ఫలితముగా 1892 ఏప్రిలు 19 మొదలు 22 వరకు జెనీవా నగరమున తొమ్మిది ఐరోపా దేశములనుండి 34 మంది రసాయనజ్ఞులు సమావేశమైరి. ఫ్రెంచి ఆచార్యుడు ఫ్రీడెల్ అధ్యక్షుడు. బేయర్, ఎమిల్ ఫిషర్, కనిజారో, ఆర్మ్‌స్ట్రాంగ్, రామ్సే వంటి ఘనులు పాల్గొనిరి. ఒక్కొక్క పదార్థమునకు గ్రంథసూచికలలో వెదకుటకు వీలగు ఒక్కొక్క అధికారనామముండవలెనని వారి మొదటి సంకల్పము. మద్యసారములకు 'ఓల్' అను ప్రత్యయమిచ్చిరి. మిథనోలు, ఇథనోలు అట్లు వచ్చినవి. ఆల్డిహైడులకు 'ఆల్', కీటోనులకు 'ఓన్'. ఈథరునకు మాత్రము ప్రత్యయము దొరకలేదు.

ఏల దొరకలేదు? మద్యసారములో ఆమ్లజని ఒక గొలుసు చివరనో ప్రక్కననో వ్రేలాడుచుండును. పేరు చివర ఒక అక్షరము తగిలించిన సరిపోవును. ఈథరులోని ఆమ్లజని ఎవరికిని తోక కాదు; అది ఇద్దరి నడుమ వంతెన. అందుచే జెనీవావారు ఇరువైపుల ఉదకర్బనముల పేర్లు చెప్పి, నడుమ 'ఆక్సి' అను మాట నుంచుడనిరి. ఐదు కర్బనములు ఒకవైపు, రెండు ఒకవైపు నున్న ఈథరు 'పెంటేను-ఆక్సి-ఈథేను' అయ్యెను.

తెలుగు వ్యాకరణము చదివినవారికి ఇందలి మర్మము తేలికగా తెలియును. జెనీవా పేరు ద్వంద్వ సమాసము వంటిది. రామలక్ష్మణులు అన్నప్పుడు ఇద్దరికిని సమప్రాధాన్యము. ఒకడు రెండవవానికి విశేషణము కాడు. ఈథరు కట్టడము నిజముగా అట్టిదే. వంతెనకు ఏ గట్టు ముఖ్యమనిన ఏమి చెప్పగలము? కాని నిఘంటుకారునకు ద్వంద్వముతో చిక్కు. ఆ పదార్థమును పెంటేను క్రింద చేర్చవలెనా, ఈథేను క్రిందనా? గట్టులలో ఒకదానిపై మద్యసారపు గుంపో ఆమ్లపు గుంపో ఉన్నచో పేరు మరింత చిక్కుపడును. జర్మనీలో బైల్‌స్టయిన్ మహాకోశము నాల్గవ కూర్పు 1918 నుండి వెలువడినప్పుడు, ఈథరులకు వేరు ఇల్లు కట్టక, ఏ మద్యసారమునుండి వచ్చినవో ఆ మద్యసారపు ఇంటిలోనే వానిని కాపురముంచిరి.

తుదకు ఈ ద్వంద్వము తత్పురుషముగా మారెను. 1919లో స్థాపింపబడిన అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర సంఘము, డచ్చి ఆచార్యుడు హోలెమన్ అధ్యక్షతన ఒక ఉపసంఘము నేర్పరచి, 1930లో బెల్జియములోని లియేజి నగరమున క్రొత్త నియమముల నంగీకరించెను. ఈథరును ఒక ఉదకర్బనముగానే భావింపవలెను. దానిలోని ఒక ఉదజనికి మారుగా 'ఆల్కాక్సీ' గుంపు వచ్చి చేరినదనుకొనవలెను. ఒక వైపు రాజు, రెండవ వైపు భటుడు. మిథైలును ఆమ్లజనిని కలిపి 'మీథాక్సీ' యని ముందుంచి, ఈథేనును ప్రధానముగా నిలిపి 'మీథాక్సీఈథేను' అనిరి. రెండు వైపుల సమానముగా నున్న ఈథరులకు మాత్రము పాతపేర్లు ఉంచుకొనవచ్చునని సడలింపు నిచ్చిరి. రాజెవడో తేల్చలేని చోట తీర్పరులు ఊరకుండుట సమంజసమే.

ఈ పద్ధతిలో ఒక అన్యాయమున్నది, ఒక సౌకర్యమున్నది. సమానులలో ఒకనిని చిన్నచేయుట అన్యాయము. స్థానమును అంకెతో చెప్పగలుగుట సౌకర్యము. నాలుగు కర్బనములు, పది ఉదజనులు, ఒక ఆమ్లజనితో మూడు ఈథరులు సాధ్యము. మన మత్తుమందు ఈథాక్సీఈథేను. మిగిలినవి 1-మీథాక్సీప్రొపేను, 2-మీథాక్సీప్రొపేను. ఈ రెంటికిని భేదము ఒక్క అంకెయే. అణువులో ఇంకొక ప్రధానమగు గుంపు ఉన్నప్పుడును తగవు లేదు. ఈథరు భాగము సేవకునివలె ముందు నడచును. 2-మీథాక్సీఇథనోలు అన్నప్పుడు మద్యసారము రాజు, ఈథరు భటుడు. నామకరణ శాస్త్రములో ఈథరునకు నేటికిని తన ప్రత్యయము లేదు; ఎప్పుడును ఉపసర్గయే.

ఆ ఉపసర్గలోని 'ఆక్సీ' అను మాటలో ఇంకొక పాతపొరపాటు దాగియున్నది. గ్రీకు భాషలో 'ఆక్సిస్' అనగా పులుపు. ఆమ్లములన్నిటికిని ఈ వాయువే కారణమని లవాజియే నమ్మి దానికి ఆక్సిజను అని పేరుపెట్టెను. ఆ నమ్మకము తప్పని తరువాత తేలెను; ఉప్పు ఆమ్లములో ఆక్సిజను లేదు. మన పూర్వులు ఆ తప్పును కూడ యథాతథముగా తెనిగించి 'ఆమ్లజని' అనిరి. పులుపేమియు లేని ఈథరు పేరులో నేడు పులుపు నిలిచియున్నది. దానినుండి పుట్టిన మనుమరాలు ఈథేనును, కూతురు ఇథైలునకు ఆమ్లజని చేరిన ఈథాక్సీయును కలిసి ఈథాక్సీఈథేను అయినవి గనుక, ఈథరు అను మాటను తొలగించితిమనుకొన్న పేరులో ఈథరు రెండు మారులు వినబడుచున్నది.

ఈ పేర్లు ప్రయోగశాలకే పరిమితములని తలంపరాదు. భోజనానంతరము మనము నమలు సోంపులోని పరిమళద్రవ్యము ఎనెథోలు ఒక ఈథరు. బెంజీను వలయమునకు మీథాక్సీ గుంపు అంటియున్నది. లవంగనూనెలోని యూజెనోలులోను, వెనిలా సువాసనలోను అదే మీథాక్సీ కలదు. సోంపు లాటిను పేరునుండియే 'ఎనిసోలు' అను ఈథరు పేరు వచ్చినది. క్రమనామము మీథాక్సీబెంజీను. ఇంతటి క్రమవాదులును ఈ సోంపుపేరును తుడిచివేయలేక, నేటికిని అంగీకృతనామముగా నిలుపుకొన్నారు.

పేరు సరిగా లేకున్న ప్రమాదమునకును తావున్నది. ఈథాక్సీఈథేను వంటి ఈథరులు గాలి, వెలుతురు సోకుచు చాలకాలము నిలవయున్నచో వానిలో పెరాక్సైడులు పుట్టును. అట్టి ద్రవమును ఆవిరిచేయబోయినచో తుదకు ప్రేలుడు సంభవింపవచ్చును. కనుక సీసాలో నున్నది ఈథరా కాదా యనునది ముఖ్యమైన ప్రశ్న. పెట్రోలియము ఈథరు అను చీటిగల సీసా ప్రతి కళాశాలలోను ఉండును. అందులో ఈథరు లేశమైనను లేదు. అది తేలిక ఉదకర్బనముల మిశ్రమము. తేలికగా ఎగిరిపోవునని ఫ్రోబీనియస్ నాటి అర్థములో దానికాపేరు మిగిలినది. మరియొక వైపు టెట్రాహైడ్రోఫ్యూరాను అను ద్రవము నిజముగా ఈథరు. పెరాక్సైడుల భయము దానికి కలదు. పేరులో ఈథరు అను మాట లేదు. దాని క్రమనామము 'ఆక్సోలేను'. ఇందలి 'ఆక్స్' అను తునకను చూచి వలయములో ఆమ్లజని కలదని తెలిసికొనవచ్చును.

ఇంకొక చిన్న విశేషము. వెనుకటి పుస్తకములలో చిన్నగుంపును ముందుచెప్పి 'మిథైలు ఇథైలు ఈథరు' అని వ్రాసెడివారు. నేటి నియమము అక్షరక్రమము. కనుక ఇథైలు ముందు. మన వర్ణమాలలోను అచ్చు ముందే గనుక ఇబ్బంది లేదు. కాని బ్యూటైలు, ఇథైలు అను రెండింటిని తీసికొనుడు. రోమను లిపిలో బ్యూటైలు ముందు. మన లిపిలో ఇథైలు ముందు. తెలుగులో రసాయనశాస్త్రము వ్రాయువాడు చేతితో తెలుగు వ్రాయుచు మనస్సులో రోమను వర్ణమాల వల్లించుకొనవలెను.

అమెరికాలో 1907 నుండి వెలువడుచున్న కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ అను మహాసూచికవారు 1972లో తమ పేర్లను మార్చుచు, మన ద్రవమును 'ఈథేను' క్రింద 1,1'-ఆక్సీబిస్ అని చేర్చిరి. నడుమ ఆమ్లజని, ఇరువైపుల రెండు ఈథేనులు! ఎనుబది సంవత్సరముల తరువాత జెనీవా ద్వంద్వమునకు ఒక విధముగా పునర్జన్మ కలిగినది. అంతర్జాతీయ సంఘము 2013లో ప్రకటించిన నియమములలో ఈథాక్సీఈథేనునే ప్రధాననామముగా ఎన్నుకొని, డైఇథైలు ఈథరును సామాన్య వ్యవహారమున వాడవచ్చుననెను.

నేను పరీక్షాపత్రములు దిద్దిన దినములలో 'డైఇథైలు ఈథరు' అని వ్రాసిన విద్యార్థులకు, క్రమనామము వ్రాయలేదని అరమార్కు తగ్గించియున్నాను. ప్రశ్నలో క్రమనామమని స్పష్టముగా అడుగనప్పుడు కూడ తగ్గించితిని. అట్లు తగ్గించుట న్యాయము కాదని నేడు తోచుచున్నది. ఆ పేరు వ్రాసిన పిల్లవాడు రెండు ఇథైలుల నడుమ ఆమ్లజని కలదని ఎరుగును. విలియమ్సన్ కష్టపడి తెలిసికొన్నదియు అంతయే. కంఠస్థము చేసిన ఈథాక్సీఈథేనును విడదీసి చెప్పుమనినచో తెల్లముఖము వేసినవారికి పూర్తి మార్కులు వేసితిని.

కడపట ఒక ముదుసలి శాస్త్రజ్ఞుని ముచ్చట. చార్లెస్ పెడర్సన్ 1904లో కొరియాలోని బూసాన్‌లో జన్మించెను. తండ్రి నార్వేవాడు, తల్లి జపాను దేశీయురాలు. డాక్టరేటు పట్టము లేకయే అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో నలువదియేండ్లకు పైగా పరిశోధకుడుగా పనిచేసెను. 1962లో వేరొక పదార్థమును చేయుచుండగా, మలినము కారణముగా నూటికి 0.4 పాలు మాత్రము తెల్లని పీచువంటి స్ఫటికములు మిగిలినవి. వానిని పారవేయక పరిశీలించెను. అవి పెద్ద వలయముగా అల్లుకొన్న ఈథరులు; వలయము నడుమ పొటాసియము, సోడియము వంటి లోహముల అయానులను ఇముడ్చుకొనగలవు. 1967లో ప్రకటించెను, 1987లో క్రామ్, లేన్ అనువారితోపాటు నోబెలు బహుమానమును పొందెను.

ఈ జాతిలో సరళమైన దాని క్రమనామము 1,4,7,10,13,16-హెక్సాఆక్సాసైక్లోఆక్టాడెకేను. ఆతడు మొట్టమొదట చూచిన పదార్థమున రెండు బెంజీను వలయములును ఉన్నవి గనుక దాని పేరు ఇంతకంటెను దీర్ఘము. అధికారనామములను తాను గుర్తుంచుకొనలేకపోయితినని పెడర్సన్ నోబెలు ఉపన్యాసములో దాచక చెప్పెను. నమూనా కట్టి చూడగా ఆ యణువు లోహపు అయానుపై పెట్టిన కిరీటమువలె కనబడినది. అందుచే వలయములోని మొత్తము పరమాణువులు పదునెనిమిది, అందు ఆమ్లజనులు ఆరు అని లెక్క తెలియునట్లు, '18-క్రౌను-6' అని పిలిచెను. ప్రపంచమంతట రసాయనజ్ఞులు వానిని నేడు క్రౌను ఈథరులనియే వ్యవహరించుచున్నారు.